మట్టి వెళ్లిపోయిన దారి

1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద మా సికింద్రాబాద్ వెలిసేనాటికి ఇక్కడున్నవి గుట్టలు, చెలకలు, చెరువులు. 1798 ఒప్పందంతో వచ్చిన కుంపిణీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఇవతల డేరాలు వేసుకున్నాయి. మనుషులు మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే ఉన్నారు. హస్మత్‌పేటలో, మౌలాలిలో ఇనుప యుగం నాటి రాతి సమాధులు బయటపడ్డాయి. అన్ని తరాలను సాకిన ఈ నేలను ఎడారి దారి పట్టించడానికి మనకు రెండు వందల ఏళ్లు సరిపోయాయి. ఈ మాట తూకం వేసుకునే అంటున్నాను.

ఎడారి అనగానే మన కళ్ల ముందు థార్ ఇసుక కదులుతుంది. 1994లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం అడిగేది ఇసుక గురించి కాదు. వానలు తక్కువగా ఉండే ప్రాంతాల్లో నేల సత్తువ పోగొట్టుకోవడమే ఎడారీకరణ అంటుంది. అందుకు వాతావరణమూ కారణమే, మనిషీ కారణమే. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లోనే పడే మన ప్రాంతం ఆ లెక్కలోదే. ఇస్రో 2021లో తెచ్చిన పటాల్లో దేశం మొత్తం మీద దాదాపు 9.78 కోట్ల హెక్టార్లు, అంటే మొత్తం నేలలో మూడో వంతుకు కాస్త తక్కువ, ఇలా దెబ్బతిన్నట్టు తేలింది.

మా వైపు ఎక్కడైనా పునాది తవ్వుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. పైన జానెడు ముదురు రంగు మట్టి. దాని కింద ఎర్రటి మొరం. ఇంకా కిందకు పోతే చేత్తో నలిపితే పొడయ్యే మెత్తని రాయి, ఆ తర్వాత పార దిగని బండ. పంటకు, చెట్టుకు ఆధారమంతా ఆ పై జానెడే. అది తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. పైన ఆకు నీడ పోయిందా, చినుకు నేరుగా నేలను కొడుతుంది. ఎర్ర నేల ఆ దెబ్బకు చెదిరి, సన్నటి రేణువులు సందులను పూడ్చేస్తాయి. ఎండ తగలగానే పైన పెంకు కడుతుంది. తర్వాతి వాన ఆ పెంకు మీద జారిపోతూ, పోతూ పోతూ మరికొంత మట్టిని వెంట తీసుకుపోతుంది. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లోనూ, సంతోష్‌నగర్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ క్రీడాలోనూ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకున్న సమస్యల్లో ఇదొకటి.

దండు దిగిన ఊరికి ఆకలి ఎక్కువ. సిపాయిలు, గుర్రాలు, ఎడ్లు, వెంట వచ్చిన బజారు. పొయ్యికి కట్టెలు, ఇటుక బట్టీకి కట్టెలు, సున్నపు బట్టీకీ కట్టెలే. తర్వాత రాయి. బండ మీద మంట పెట్టి, వేడికి పొరగా లేచిన పలకను గునపాలతో ఎత్తే పాత పద్ధతికి కూడా కట్టెలే కావాలి. వడ్డెరల చెమటతో ఇళ్లు, ప్రహరీలు లేచాయి. మౌలాలి, నేరేడ్‌మెట్ వైపు గుట్టలు కరిగాయి. బండ పోతే పోయేది బండ ఒక్కటే కాదు. గుండు మీద పడిన వాన దాని మొదట్లోకి జారి అక్కడి మట్టిని తడిపి ఉంచుతుంది. సీతాఫలం చెట్టు, మర్రి మొలక నిలదొక్కుకునేది అక్కడే. గుండును పగలగొడితే ఆ చోటికి నీడా లేదు, తడీ లేదు.

జారిన మట్టిని పట్టి ఆపినవి పెద్దలు కట్టిన గొలుసుకట్టు చెరువులు. రామకృష్ణాపురం చెరువు అలుగు పారితే సఫిల్‌గూడ నడిమి చెరువుకు, అది నిండితే బండ చెరువుకు. అల్వాల్‌లో, బోయిన్‌పల్లిలో కూడా ఇదే అమరిక. ఎండాకాలం రైతులు పూడిక తీసి బండ్ల మీద చేలకు తోలుకునేవారు. గుట్ట మీంచి పోయిన మట్టి అలా మళ్లీ చేను చేరేది. చేలు ప్లాట్లు అయ్యాక ఆ పూడిక ఎవరికీ అక్కర్లేకపోయింది. శిఖంలోకి ఇళ్లు వచ్చాయి, కాలువల్లోకి మురుగు వచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పల్లెల్లో పూడికను మళ్లీ పొలాలకు చేర్చింది. నగరంలో చేర్చడానికి పొలమేదీ?

ఒకే నేల వేసవిలో బోర్లు ఎండగొట్టి, వర్షాకాలంలో ఇళ్లు ముంచుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్ల వాన పడి కాలనీలు మునిగాయి. 2020 అక్టోబరులో మళ్లీ అదే గోస. ఆకాశాన్ని తిట్టుకున్నాం గానీ, నీళ్లు తాగే నేలను మూసేసింది మనమే. ఇక్కడ నీరు దాగేది మెత్తబడిన రాతి పొరలో, దాని కింది పగుళ్లలో. ఆ పొర మందం కొద్ది మీటర్లే. దాన్ని తోడేశాక వెయ్యి అడుగులు దింపినా బోరు బండి నుంచి బూడిద రంగు పొడి తప్ప ఏమీ రాదు.

ఇక ఊరు దూరం నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మంజీర నీళ్లు, కృష్ణా నీళ్లు, గోదావరి నీళ్లు, మానేరు ఇసుక. వాగులో ఇసుక పోతే దాని పక్క బావుల్లో నీళ్లు ఆగవు. ఇసుక లేచి వచ్చి పడినా చేటే. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో వేదవతి నది ఇసుకను గాలి లేపి దర్గా హొన్నూరు చేల మీద దిబ్బలుగా పోసింది. తెలుగు నేల మీద నిజమైన ఇసుక ఎడారి చూడాలంటే అక్కడికి వెళ్లాలి. చేను పోయిన మనిషి మాత్రం రైలెక్కుతాడు. పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి మూటాముల్లెతో మన స్టేషన్‌లో దిగినవాళ్లను ఈ ఊరు అడ్డా కూలీలుగానే చూసింది. వాళ్లు నేల కోల్పోయి వచ్చినవాళ్లని నా అభిప్రాయం. ఈ ఊరు వాళ్లకు బాకీ పడింది.

కంటోన్మెంట్ కంచెల లోపల మాత్రం కొంత పాత నేల మిగిలింది. అక్కడా సర్కారు తుమ్మ కమ్ముకుంది. మద్రాసు అటవీ శాఖ 1877లో విదేశీ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటిన చెట్టు అది. బోడి నేలను కప్పడానికి తెచ్చారు. ఇప్పుడు అది తన కింద మరో మొక్కను బతకనివ్వదు. అయినా పొదల మధ్య గుండ్లు, గుండ్ల మధ్య సీతాఫలం, పల్లంలో కుంటలు ఇంకా ఉన్నాయి.

2024 మార్చిలో ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ శాఖ భూములివ్వడానికి ఒప్పుకుంది. ప్యారడైజ్ నుంచి ఒకటి శామీర్‌పేట వైపు, ఇంకొకటి డెయిరీ ఫామ్ వైపు పోతాయి. ట్రాఫిక్‌లో నలిగే మాకు రోడ్లు కావాలి, కాదనను. స్తంభాలకు గోతులు తీసేటప్పుడు పై జానెడు మట్టిని మొరంతో కలిపి పారబోయకుండా విడిగా పోగు చేయించాలి. అల్వాల్, బోయిన్‌పల్లి చెరువు కట్టల మీద ఆ మట్టి పోసి వేప, కానుగ పెట్టవచ్చు. వంతెన మీద పడే వాన నీటిని నాలాలోకి వదలకుండా దగ్గరి కుంటకు మళ్లించవచ్చు. ఈ రెండు షరతులూ కాగితం మీద రాయాలని మా వీధుల వాళ్లం అర్జీ పెట్టుకోవాలి.