48 కె.బి. సంసారం

చాలీచాలని జీతంతో సంసారం నడిపినవాళ్ళకి తెలుస్తుంది, రూపాయి విలువేమిటో. జేబు నిండా ఉన్నవాడు లెక్క చూడడు. కంప్యూటర్ల సంగతీ అంతే. ఇవాళ ఎనిమిదివేలో పదివేలో పోస్తే వచ్చే ఫోనులో ఎంత మెమరీ ఉందో, అందులో ఏది ఎంత తింటోందో మనలో ఎంతమంది చూస్తున్నాం? మెమరీని బైటు బైటుగా లెక్కపెట్టుకుని బతికిన రోజులు కొన్ని ఉండేవి. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటరు గురించి, దాని బీదతనం గురించి నాలుగు ముక్కలు చెప్పాలని ఉంది. ఆ బీదతనమే లేకపోతే నేను మా తాతగారి దగ్గర ఏమీ నేర్చుకుని ఉండేవాణ్ణి కాదు. అందుకని.

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు. ఇంగ్లండులో క్లైవ్ సింక్లేర్ అని ఒకాయన ఉండేవాడు. 1983లో ‘సర్’ బిరుదు వచ్చింది, 2021లో పోయాడు. సామాన్యుడి ఇంట్లో కంప్యూటరు ఉండాలని ఆయన పట్టుదల. 1980లో జడ్‌ఎక్స్ 80 అనే యంత్రాన్ని వంద పౌండ్లకి అయిదు పెన్నీలు తక్కువ చేసి అమ్మాడు. మరుసటేడు వచ్చిన జడ్‌ఎక్స్ 81 ఖరీదు ఇంకా తగ్గి 69 పౌండ్ల 95 పెన్నీలు. రెంటిలోనూ మెమరీ ఒక్క కె.బి. అంటే 1024 అక్షరాలు పట్టే చోటు. పోస్టుకార్డు రెండు పక్కలా ఇరికించి రాస్తే అంతే పడుతుందేమో! ఆ ఒక్క కె.బి.లో డేవిడ్ హార్న్ అనే ఆయన చదరంగం ఆడే ప్రోగ్రాము రాశాడు. అది 672 బైట్లు. కోట కట్టడం లాంటి ఒకటి రెండు నియమాలు వదిలేశాడు గానీ, ఎదుటివాడితో ఆడుతుంది. మనిషికి అవసరం పడితే ఎంత తెలివి పుడుతుందో చూడండి.

తరువాత 1982 ఏప్రిల్ 23న స్పెక్ట్రమ్ వచ్చింది. 16 కె.బి.ది 125 పౌండ్లు, 48 కె.బి.ది 175 పౌండ్లు. నల్లటి పలక, దానిమీద రబ్బరు మీటలు నలభై, మూలగా రంగుల చారలు. బరువు అరకిలోకి కొంచెం పైన. లోపల జడ్ 80 అనే ప్రాసెసరు, సెకనుకి ముప్ఫై అయిదు లక్షల టిక్కులు కొడుతుంది. ఈ లెక్క ఘనంగా వినిపిస్తుంది గానీ, ఇప్పటి ఫోను చిప్పులు కొట్టేవి వందల కోట్లు.

మన దేశంలో అప్పటికి కంప్యూటరంటే పెద్ద ఆఫీసుల్లో, ఏ.సి. గదుల్లో ఉండే దేవుడు. మన హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టి, 1969 నాటికే టి.డి.సి. 12 అనే కంప్యూటరు చేసింది. కానీ అది పరిశోధన సంస్థలకి. ఇంటికి వచ్చేది కాదు. 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతుల పట్టు కొంత సడలించింది. సరిగ్గా ఆ డిసెంబరులోనే ఇంగ్లండులో డాక్టరుగా ఉంటున్న మా బావగారు సెలవులకి వస్తూ, బి.ఎస్సీ. చదువుతున్న నాకోసం స్పెక్ట్రమ్ తెచ్చారు. అక్కయ్య మాత్రం “వాచీ తెమ్మంటే ఈ పలక తెచ్చారేమిటండీ” అని సణిగింది.

తీరా చూస్తే, అది మా ఇంట్లో పనిచెయ్యదు. దాని ప్లగ్గుకి పలక కాళ్ళు, మన సాకెట్టుకి గుండ్రటి చిల్లులు. అది చిన్న విషయం. అసలు చిక్కు టీవీ. స్పెక్ట్రమ్‌కి వేరే తెర ఉండదు, ఇంట్లో టీవీయే దాని తెర. అది బొమ్మని యు.హెచ్.ఎఫ్.లో 36వ ఛానెలు మీద పంపిస్తుంది. మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి యు.హెచ్.ఎఫ్. అనే మాటే తెలీదు. దూరదర్శన్ వచ్చే వి.హెచ్.ఎఫ్. తప్ప ఇంకోటి పట్టదు.

మా వీధి చివర రేడియో రిపేరు షాపు ఉండేది. ఆ షాపాయన ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. స్పెక్ట్రమ్ విప్పి, లోపలి రేకు డబ్బా చూసి, “ఇదండీ బాబూ, బొమ్మని రేడియో అలగా మార్చేది. మనకి ఆ మార్చడమే వద్దు. మార్చకముందే బొమ్మని పట్టుకుని టీవీ లోపలికి దింపేద్దాం” అన్నాడు. ఒక తీగ ఇక్కడ, ఒక తీగ అక్కడ సోల్డరింగు చేశాడు. మన టీవీకీ వాళ్ళ టీవీకీ గీతలు 625, కరెంటు 50 సైకిళ్ళు కావడం మా అదృష్టం. బొమ్మ నిలబడింది. రంగులు మాత్రం లేవు, అన్నీ బూడిద ఛాయలే. పదిహేను రంగుల యంత్రం మా ఇంట్లో అలా సన్యాసం పుచ్చుకుంది.

ఇప్పుడు 48 కె.బి. సంసారం ఎలా సాగేదో చెబుతాను. తెరమీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. గుణిస్తే 49,152. మెమరీలో బైట్లు ఎన్నో తెలుసా? అవీ 49,152! అంటే చుక్కకో బైటు ఇచ్చి రంగు వేస్తే మొత్తం ఆస్తి బొమ్మకే సరి. అందుకని చుక్కకి బైటులో ఎనిమిదోవంతు మాత్రమే ఇచ్చారు. రంగులు విడిగా, ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడికి రెండే రంగులు. ఆ పొదుపుతో బొమ్మ 6,912 బైట్లలో సర్దుకుంది. ఇతర ఖర్చులన్నీ పోను మన ప్రోగ్రాముకి మిగిలేది 40 కె.బి. చిల్లర. చివరికి మాటల్లోనూ పొదుపే. ‘పి’ మీట నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం పడుతుంది. లోపల దాన్ని దాచుకోవడానికి ఇంగ్లీషు అక్షరాలు అయిదు అక్కర్లేదు, ఒక్క బైటు చాలు.

కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. రాసింది దాచుకోవాలంటే పాటలు వినే టేప్ రికార్డరే గతి. కాసెట్టు పెడితే కీచుమని గోల, తెర అంచుల్లో చారలు పరుగెత్తడం. పెద్ద ప్రోగ్రామయితే అయిదు నిమిషాలు పడుతుంది. చివరి క్షణంలో టేపు కాస్త గిరకతప్పిందా, మళ్ళీ మొదటికి. వంటింట్లోంచి అమ్మ, “ఆ పిల్లి నోరు నొక్కరా” అని కేకేసేది.

ఇంతకీ దాంతో ఏం చేశానంటే, తిథులు లెక్కకట్టాను.

మా తాతగారు సిద్ధాంతి. ఆ ఏడు పంచాంగం ఎవరైనా కొనుక్కోగలరు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళ అవసరం వేరు. “మా నాయన ఫలానా సంవత్సరం ఫలానా తారీఖున పోయాడండీ, తిథి ఎవరికీ గుర్తులేదు, తద్దినం ఎప్పుడు పెట్టమంటారు?” అని వచ్చేవారు. ఆ పాత పంచాంగం దొరకదు. తాతగారు పలకమీద లెక్క వేసి చెప్పేవారు. ఎనభై నాలుగు నాటికి ఆయన కళ్ళకి శుక్లాలు ముదిరి అంకెలు కనపడడం మానేశాయి. వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపవలసివచ్చినప్పుడు ఆయన ఆ పూట సరిగ్గా భోజనం చేసేవారు కాదు. ఇంట్లో ఆ లెక్క నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. నాన్నగారు బ్యాంకు. నేను కెమిస్ట్రీ.

తిథి అంటే మరేం లేదు. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు భాగలు పెరిగినప్పుడల్లా ఒక తిథి. మొత్తం 360 భాగలకి ముప్ఫై తిథులు. కాబట్టి ఆ రోజున ఇద్దరూ ఎక్కడున్నారో తెలిస్తే చాలు. సూర్యసిద్ధాంతం ప్రకారం ఒక మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 సార్లు తిరుగుతాడు, రోజులు 157,79,17,828. కలియుగం మొదలైన దగ్గర్నుంచి మనకి కావలసిన రోజు దాకా గడిచిన దినాలు (దీన్నే అహర్గణం అంటారు) పద్ధెనిమిది లక్షల పైచిలుకు. దాన్ని పై సంఖ్యతో గుణిస్తే పదిహేను అంకెల పొడుగు వస్తుంది. స్పెక్ట్రమ్ ఒక సంఖ్యకి ఇచ్చే చోటు అయిదు బైట్లు. తొమ్మిది అంకెల దాకా నమ్మకంగా పట్టుకుంటుంది, మిగతావి జారవిడుస్తుంది. మనకి కావలసిందేమో ఆ చివరి శేషమే!

నేను ఈ ఇబ్బంది చెబితే తాతగారు నవ్వారు. “ఒరేయ్, ఆ బాధ నీ పెట్టెదే కాదురా, మా పలకదీ అదే. అందుకే కరణ గ్రంథాలు పుట్టాయి. కలి మొదలునించి ఎందుకు మొయ్యడం? దగ్గర్లో ఒక రోజుని మొదలుగా పెట్టుకో, ఆ రోజు గ్రహాలెక్కడున్నాయో రాసి పెట్టుకో, అక్కడినించి లెక్కించు” అన్నారు. గణేశ దైవజ్ఞుడు 1520లో రాసిన గ్రహలాఘవం ఆయనకి కంఠస్థం. అందులో అహర్గణం పెరిగిపోకుండా 4016 రోజులకి ఒక చక్రంగా చుట్టేస్తారు. జ్యా పట్టికలు, అంటే మనం చదివే సైన్ టేబుల్సు, అసలు లేకుండానే గ్రహాలని లెక్కగడతారు. నాకు ఒళ్ళు జలదరించింది. మెమరీ పొదుపంటే సింక్లేర్‌గారి ఆవిష్కారమనుకుంటున్నాను. పలకా బలపమూ తప్ప మరేమీ లేని మనిషి నాలుగున్నర శతాబ్దాల కిందటే ఆ పని చేసి కూర్చున్నాడు!

ఆరు వారాలు పట్టింది. తాతగారు ఒక్కొక్క మెట్టూ చెప్పేవారు, నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. మనిషికి చెప్పేటప్పుడు “అక్కడ కొంచెం సంస్కారం చెయ్యాలి” అంటే సరిపోతుంది. యంత్రానికి సరిపోదు. ఎంత, ఎప్పుడు, కలపాలా తియ్యాలా? ఇవన్నీ అడిగి అడిగి రాయించుకున్నాను. ప్రోగ్రాము పూర్తయ్యాక తాతగారే పరీక్ష పెట్టారు. “1947 ఆగస్టు 15.” యంత్రం ఆలోచించింది. ఆయన వక్క కొరికేంతసేపట్లో తెరమీద 29 అని పడింది. అంటే పౌర్ణమి దాటిన పధ్నాలుగో తిథి. “అధిక శ్రావణ బహుళ చతుర్దశి. ఆ రాత్రి మేమెవరం పడుకోలేదు” అన్నారాయన.

కానీ 29 అని పడితే వచ్చినవాళ్ళకేం అర్థమవుతుంది? తిథి పేరు తెలుగులో పడాలని తాతగారి కోరిక. సొంత అక్షరాలు గీసుకోవడానికి స్పెక్ట్రమ్ 21 గళ్ళు ఇస్తుంది. అక్షరానికో గడి చొప్పున మొదలుపెట్టాను. పా, డ్య, మి, వి, ది, య... దశమి పూర్తయ్యేసరికి ఇరవై. ఏకాదశి ‘ఏ’తో ఇరవై ఒకటీ అయిపోయాయి! ‘కా’కి చోటు లేదు. తాతగారికి చెబితే, “పోనీలేరా, ఏకాదశి నాడు దానికీ ఉపవాసమే” అన్నారు.

తరువాత మాన్యువల్లో ఒక దారి కనిపించింది. అక్షరాల పట్టిక ఎక్కడుందో చెప్పే చిరునామా 23606లో ఉంటుంది. దాన్ని మార్చి మనం గీసుకున్న పట్టిక చూపించవచ్చు. 96 అక్షరాలు, 768 బైట్లు. గళ్ళు దొరికాయి. కానీ ‘షష్ఠి’ని ఎనిమిది చుక్కల ఎత్తులో గీసి చూడండి. గుడికి రెండు, ఒంటికి నాలుగు, ఠ వత్తుకి మిగిలింది రెండు. అది వత్తులా లేదు, ఈగ వాలినట్టుంది. చివరికి వత్తుల్ని కింది వరుసలో వేరే గడిలో పెట్టాను. సీసపు అక్షరాలతో కంపోజు చేసే రోజుల్లో మన ప్రెస్సులవాళ్ళు పడ్డ పాట్లన్నీ నేనూ పడ్డాను. తాతగారికి ఎలాగూ కనపడదు. వచ్చినవాళ్ళు తెరమీద చదివి, “చతుర్దశండీ” అంటే ఆయన తలాడించేవారు. అలా రెండేళ్ళ పైన చాలామంది తండ్రుల తిథులు ఆ పలకమీద తేలాయి. 1987లో తాతగారు పోయారు. ఆయన తిథి లెక్కించవలసిన అవసరం రాలేదు.

స్పెక్ట్రమ్ కథా అంతకుముందే మలుపు తిరిగింది. 1986లో సింక్లేర్‌గారి కంప్యూటర్ల వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకి కొనేసింది. మన దేశంలో 1988లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ అని లైసెన్సు మీద తయారుచేసి అమ్మింది. 1992లో అసలు యంత్రం తయారీ ఆగింది. దాని గుండెకాయ జడ్ 80 మాత్రం గట్టిది. 1976లో పుట్టి 2024 దాకా కొత్తగా తయారవుతూనే ఉంది. ఇక తెలుగుకి 1991లో యూనికోడ్‌లో 128 గళ్ళ చోటు దొరికింది. వత్తులూ గుణింతాలూ అతికించే పని అక్షరాల ఫాంటు చూసుకుంటుంది. ఇప్పుడు ఏకాదశికి ఉపవాసం లేదు.

ఎనిమిది జి.బి. ఫోనులో మా స్పెక్ట్రమ్‌లాంటివి లక్షా డెబ్బై నాలుగు వేల పైన ఇమిడిపోతాయి. ఆ ఫోనులో ఏ తారీఖు కొట్టినా క్షణంలో తిథి చెబుతుంది. మంచిదే, నేనూ అదే చూస్తున్నాను. మా కాసెట్టుకి బూజు పట్టి మాట రావడం మానేసింది. నోటుబుక్కు మాత్రం ఉంది. తాతగారి లెక్క మెట్టు మెట్టుగా, నా వంకర చేతిరాతలో. యంత్రానికి కాస్త ఎక్కువ జ్ఞాపకశక్తి ఉండి, ఎవరో రాసిన ప్రోగ్రాము తెచ్చి నడిపేసి ఉంటే ఆ పుస్తకం పుట్టేది కాదు.

అన్నట్టు, మీరిప్పుడు చదివిన ఈ వ్యాసాన్ని కంప్యూటర్లో దాస్తే, తెలుగు అక్షరానికి మూడు బైట్ల చొప్పున, ఆ 48 కె.బి.లో సగానికి పైగా ఇదే తినేస్తుంది. మా తాతగారైతే ఇంకా క్లుప్తంగా చెప్పేవారు.