మా నాయన కత్తి: పనిముట్టా, ఆయుధమా?

మా ఇంటి చూరులో ఎప్పుడూ ఒక కత్తి దోపి ఉండేది. అడుగుకు కాస్త తక్కువ పొడవు, కొన దగ్గర వంపు, చింతకర్ర పిడి. ముదినేపల్లి చుట్టుపక్కల కాలవ గట్ల మీద ఈత మండలు కొయ్యడానికి మా నాయన దాన్ని వాడేవాడు. ఆ మండల ఆకు దూసి, బరికెలు చీల్చి, అమ్మా నాయనా కలిసి కోడి గంపలు, పేడ తట్టలు, చేపల బుట్టలు అల్లేవారు. మా యెరుకల ఇళ్ళలో ఆ కత్తి పొయ్యిలాంటిది. అది లేని రోజు పని లేదు, పని లేని రోజు కూడు లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఎన్నికల రోజుల్లో, నాయనను దారిలో ఆపారు. భుజాన ఈత మోపు, నడుముకు కత్తి. “ఇది ఎందుకురా?” అని అడిగారు. “బుట్టలల్లుకునేవాళ్ళమండి, మండలు కొయ్యడానికి బాబయ్యా” అన్నాడు నాయన. కులం అడిగారు. చెప్పాడు. కులం విన్నాక మోపు వైపు ఎవరూ చూడలేదు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు గానీ కత్తి ఇవ్వలేదు, కాగితమూ ఇవ్వలేదు. కొత్త కత్తి చేయించుకునే దాకా అమ్మ కూలికి పోయింది. నాయన చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

టీచర్ ట్రైనింగ్ చేసి బడిలో చేరాక కూడా ఆ రోజు నన్ను వదల్లేదు. బుట్టలల్లే కత్తి ఎప్పటి నుంచి ఆయుధం అయింది? కులం పేరు వినగానే పనిముట్టు ఆయుధంగా కనబడటం ఎక్కడ మొదలైంది? దీనికి చరిత్రలోకే వెళ్ళాలి.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం జనం చేతుల్లో ఏముందో లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకు తిరగకూడదన్నది దాని సారం. ఆయుధాల జాబితాలో తుపాకులతో పాటు కత్తులు, బాకులు, బల్లేలు, చివరికి విల్లంబులు కూడా ఉన్నాయి. రాజుల చేతిలో విల్లు యుద్ధానికి పనికొచ్చే వస్తువు. కొండమీద కోయ, కొండరెడ్డి అన్నదమ్ముల చేతిలో అదే విల్లు తిండికీ, అడవి జంతువుల నుంచి రక్షణకూ సాధనం. ఆ తేడా జాబితాకు పట్టలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకుల కోసమే. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్నదే పాలకుడికీ ప్రజకూ మధ్య పెద్ద తగువు అని ఆ మూడు రోజులు చెబుతాయి.

మైదానంలో ఉన్న మన మీదికి ఇంకో చట్టం వచ్చింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఏ ఒక్కరి నేరమూ రుజువు కాకుండానే తెగను తెగగా నేరస్థులని ప్రకటించే చట్టం ఇది. యెరుకలవారి పేరు అందులోకి ఎక్కింది. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పెట్టారు, ఊరు దాటాలంటే పాసు కావాలన్నారు. నిజానికి మనవాళ్ళలో ఎంతోమంది ఊరూరా తిరిగి బతికేవారు. ఉప్పు యెరుకలు గాడిదల మీద ఉప్పు మోసి లోపలి ఊళ్ళకు అమ్మేవారు. కరివేపాకు యెరుకలు ఆకు అమ్మేవారు. దబ్బ యెరుకలు వెదురు బుట్టలు, ఈతపుల్లల యెరుకలు ఈత బుట్టలు అల్లేవారు. ఉప్పు మీద సర్కారు పట్టు, ఆ పైన రైలు వచ్చి ఉప్పు బేరాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాడు తిరిగితే “అనుమానాస్పదం” అన్నారు. తిరిగేవాడి నడుములో కత్తి ఉంటే ఇంకేం కావాలి?

తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు వైపు కావలిలో కూడా ఇలాంటివి నడిచాయి. సీతానగరంలో మనవాళ్ళు రాళ్ళు కొట్టారు. స్టూవర్టుపురం నుంచి చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా వెళ్ళారు. గమనించండి, పని చెయ్యని జాతి అని ముద్ర వేసినవారే సుత్తి, సమ్మెట చేతికిచ్చి చాకిరీ చేయించుకున్నారు. యజమాని ఇచ్చిన సమ్మెట పనిముట్టు. మన ఇంట్లో మనం చేయించుకున్న కత్తి ఆయుధం. ఈ లెక్కే మా నాయన దాకా నడిచి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నారు. కానీ రద్దయింది కాగితం. చూపు రద్దు కాలేదు.

ఇప్పుడు అమలులో ఉన్న చట్టం ఏమంటుందో మన యువకులు తప్పక తెలుసుకోవాలి. 1878 చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో ఆయుధం అన్న మాటకు అర్థం చెబుతూనే, కేవలం ఇంటి అవసరాలకూ వ్యవసాయానికీ చేసిన వస్తువులు ఆ లెక్కలోకి రావని రాశారు. లాఠీ, మామూలు చేతికర్ర అక్కడ ఉదాహరణలు. దాని కింద వచ్చిన నియమాల్లో కొలత ఉంది. అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు పదునైన ఆయుధాల వర్గంలో పడతాయి. అయితే ఇంటిపని, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ కోసం చేసినవి అందులోంచి మినహాయింపు. పైగా తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు కావాలంటే, కేంద్ర ప్రభుత్వం ఫలానా ప్రాంతానికి అని ప్రత్యేకంగా ప్రకటించాలి.

మా నాయన రెండో కత్తి నా దగ్గరే ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. అలుగు 11 అంగుళాలు. కొలత ఒక్కటే చూస్తే అది దోషి. పని చూస్తే నిర్దోషి. చట్టం రాసినవారు పనిని చూడమన్నారు. దారిలో ఆపినవారు కొలతను కూడా చూడలేదు, కులాన్ని చూశారు.

కొల్లేటి సంగతి ఇంకొంచెం చిక్కుగా ఉంది. 1999లో కొల్లేరును +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. పక్షులకూ చేపలకూ అది మంచిదే. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాట చాలా పెద్దది. విల్లంబులు, తుపాకులే కాదు, కత్తులు, గాలాలు, వలలు, ఉచ్చులు కూడా ఆ చట్టం దృష్టిలో ఆయుధాలే. ముందుగా రాతపూర్వకమైన అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు. అంటే బయట గట్టు మీద పనిముట్టుగా ఉన్న కత్తి, హద్దు రాయి దాటగానే ఆయుధం అవుతుంది. తూడు కోసుకునే కొడవలికీ, యానాదుల వలకూ ఇదే చిక్కు. అందుకే హద్దు ఎక్కడుందో, ఏ పనికి అనుమతి ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలను కూడా అటవీ భూమిగానే చెబుతోంది. నీటి వనరుల్లోని చేపల మీద సంప్రదాయ హక్కునూ గుర్తిస్తోంది. వేటను మాత్రం ఒప్పుకోదు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సిన బాధ్యత మనలో చదువుకున్నవారిది.

ఇంకో మాట. రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో సిక్కులు కృపాణం ధరించడం వారి మతంలో భాగమని రాసి ఉంది. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం బహిరంగ స్థలంలో కత్తి ఉంచుకోవడాన్ని నిషేధిస్తూనే, వృత్తి పని కోసమని, మతం కోసమని చూపించుకోగలిగితే తప్పు కాదంటుంది. అంటే కత్తిని బట్టి కాదు, కారణాన్ని బట్టి తీర్పు చెప్పాలన్నది లోకం ఒప్పుకున్న న్యాయమే. మనం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

అలాగని కత్తి పట్టుకుని ఎక్కడికైనా పోవచ్చని నేను అనను. మన జిల్లాలో సంక్రాంతి ముందు కోడి కత్తుల మీద నిఘా ఉంటుంది. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలు పెడతారు. పాత 144 సెక్షన్ 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 163 అయింది. అలాంటి ఆజ్ఞ ఉన్న రోజుల్లో ఊళ్ళో దండోరా విని, అందులో ఏముందో కనుక్కుని బయలుదేరాలి. కత్తిని నడుముకు కాక గోనెలో చుట్టి మోపుతో కలిపి కట్టాలి. సంతకూ, సభకూ, పెళ్ళికీ తీసుకుపోకూడదు. బుట్టలల్లేవారు హస్తకళల శాఖ ఇచ్చే ‘పెహచాన్’ గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే, వృత్తి ఏమిటో చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉంటుంది. వస్తువు తీసుకుంటే రసీదు అడగాలి. పోలీసులు జప్తు చేసిన వస్తువు సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలన్నది చట్టం.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సాంఘిక శాస్త్రంలో 1857 చెప్పేటప్పుడు 1871, 1911, 1952 కూడా చెప్పండి. పిల్లల చేత వాళ్ళ ఇంట్లోని పనిముట్ల బొమ్మలు గీయించి, ఏది దేనికి వాడతారో రాయించండి. మా బడిలో ఈ పని చేయించినప్పుడు ఒక పాప కత్తి బొమ్మ గీసి, కింద పేరు రాయకుండా నా వైపు చూసింది. “ఏం రాయాలి సార్?” అంది. “మీ అమ్మ దాంతో ఏం చేస్తుంది?” అన్నాను. “గంపలల్లుతుంది.” “అదే రాయమ్మా” అన్నాను.

మా నాయన ఆ రోజు చెప్పిన జవాబూ అదే. వినేవాళ్ళే లేకపోయారు.