ఏడుగురి ఆట – ఫిజీ దీవుల తెలుగువారు

బ్రతుకుతెరువు వెదకుకొంటూ సొంత ఊరు విడిచి వెళ్ళిన మనిషి, తాను చేరిన క్రొత్త చోటును ఎప్పటినుండి ‘మా ఊరు’ అనగలుగుతాడు? అక్కడ ఇల్లు కట్టుకొన్ననాటి నుండియా, బిడ్డ పుట్టిననాటి నుండియా, లేక ఆ ఊరివారు ఆడే ఆటలోని గెలుపోటములు తనవిగా తోచిననాటి నుండియా? సంగారెడ్డి జిల్లాలో పటేల్‌గూడ, పటాన్‌చెరు పరిసరాలలో నివసించేవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అక్కడి కర్మాగారాలలో పనికోసం ఎన్నో జిల్లాలవారు, ఎన్నో రాష్ట్రాలవారు వచ్చి చేరినారు. నూరేండ్లకు పూర్వం సముద్రాలు దాటి వెళ్ళిన తెలుగువారు కొందరికి కూడ ఈ ప్రశ్నే ఎదురైనది. వారు చేరినది పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులు. ఆ దేశానికి ప్రాణసమానమైన ఆట ఏడుగురు ఆడే రగ్బీ. ఆ ఆటకూ ఆ వలసకూ గల సంబంధమే ఈ ప్రసంగ విషయం.

ఫిజీ దీవులు 1874లో బ్రిటిషువారి అధీనమైనవి. తొలినాళ్ళ గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్, స్థానికుల గ్రామజీవనం చెదరరాదనీ, వారి భూములు అన్యాక్రాంతం కారాదనీ కట్టడి చేసినాడు. స్థానికులకు అది మేలైన ఏర్పాటే. కాని చెరకు తోటలకు కూలీలు కావలెను గదా! ఆ కొరత తీర్చుకొనటానికి ప్రభుత్వం భారతదేశం వైపు చూచినది. 1879 మే 14వ తేదీన ‘లియోనిడాస్’ అనే ఓడ కలకత్తా నుండి మొదటి ఒప్పందపు కూలీలతో ఫిజీ తీరం చేరినది. 1916 వరకు సాగిన ఈ రవాణాలో అరవై వేలకు పైగా జనం అక్కడికి వెళ్ళినారు. 1903లో ‘ఎల్బే’ అనే ఓడతో మద్రాసు రేవు నుండి కూడ ప్రయాణాలు మొదలైనవి. ఈ దారిన వెళ్ళినవారు మొత్తంలో సుమారు నాల్గవ వంతు. తమిళులతోను, మలయాళీలతోను కూడిన ఆ జనంలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు.

ఒప్పందం అయిదేండ్లకు. ఇంగ్లీషులోని ‘అగ్రిమెంటు’ అనే మాట కూలీల నోట ‘గిరిమిట్’ అయినది. ఆ బ్రతుకునకే గిరిమిట్ అని పేరు వచ్చినది. చెరకు నరకటం, గడ్డి తీయటం, కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవారి తోటలలో నాటికి నాడు నిర్ణయించిన పని ముగించటం, ముగించలేనినాడు కూలి కోల్పోవటం, ఇదీ వారి దినచర్య. 1920 జనవరి 1వ తేదీన మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయినవి. అప్పటికే ఎక్కువమంది తిరిగి రాక, అక్కడనే కౌలుకు నేల తీసుకొని చెరకు పండించటం మొదలుపెట్టినారు. దక్షిణాదివారు 1926లో నాంది పట్టణంలో ‘తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం’ స్థాపించుకొన్నారు. తెలుగువారు తమ భాషకు, తమ బడులకు ప్రత్యేకమైన ఆదరవు కావలెనని 1941లో ‘దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం’ ఏర్పాటు చేసుకొన్నారు. తరాలు గడిచినకొద్దీ ఇంటిలో తెలుగు సన్నగిల్లి, ఫిజీ హిందీయే అందరి మాటయినది. పేర్లు, పూజలు, పెండ్లి తంతులు మాత్రం తెలుగుతనాన్ని కొంతవరకు నిలుపుకొన్నవి.

ఒకే దీవిపై రెండు జాతులు నివసించినా వారి ఊళ్ళు వేరు, బడులు వేరు. వింత యేమనగా, ఆటలు కూడ వేరే అయినవి. 1880ల నడుమ బా ప్రాంతంలో తెల్లవారితోపాటు స్థానిక పోలీసు దళంవారు రగ్బీ ఆడినారు. ఆ దేశంలో రగ్బీకి నాంది అదే అంటారు. క్రమంగా అది స్థానిక గ్రామాలన్నింటా వ్యాపించినది. 1924లో ఫిజీ జట్టు తన మొదటి అంతర్జాతీయ పందెమును సమోవాలోని ఆపియాలో ఆడినది. సమోవావారు ఆట ముగించి ఉద్యోగాలకు వెళ్ళవలెను గనుక పందెం ఉదయం ఏడు గంటలకే మొదలైనది. మైదానం నడుమ ఒక పెద్ద చెట్టుండేదట! పాదరక్షలు లేకనే ఆడిన ఫిజీవారు గెలిచి, తమ ఓడ నెక్కి టోంగాకు సాగిపోయినారు.

భారతీయుల బిడ్డలకు దొరికినది ఫుట్‌బాలు. 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి జిల్లాల మధ్య పోటీలు నడిపినది. 1961లో గాని ఆ పేరులోని ‘ఇండియన్’ అనే మాట తొలగి, అందరికీ ప్రవేశం కలుగలేదు. ఈస్టరు సెలవులలో సంగం మహాసభతోపాటు ఫుట్‌బాల్ పందెములు జరపటం దక్షిణాదివారి ఆచారమయినది. బా పట్టణమునే చూడండి. స్థానికుల రగ్బీ మొలకెత్తిన ఆ చోటనే భారతీయుల ఫుట్‌బాలు మహా వృక్షమయినది. ఒకే ఊరిలో రెండు బంతులు, రెండు ప్రేక్షక సమూహాలు!

రగ్బీలో కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తి, ఎదుటివారి గీత దాటించి నేలకు ఆనించవలెను. బంతిని ముందుకు విసరరాదు, ప్రక్కకో వెనుకకో అందించవలెను. మామూలు రగ్బీలో జట్టుకు పదిహేనుమంది. ఏడుగురి పద్ధతిలో ఆటగాళ్ళు సగానికి తగ్గుతారు గాని, నూరు మీటర్ల పొడవున్న మైదానం తగ్గదు. ఆట అర్ధభాగానికి ఏడేసి నిమిషాలు. మన చెడుగుడులోనూ జట్టుకు ఏడుగురే. అక్కడ ఇరుకు చోటున ఊపిరి బిగబట్టిన ఒడుపు కావలెను, ఇక్కడ విశాలమైన బయలులో వేగం కావలెను.

ఈ పద్ధతి పుట్టినది డబ్బు కొరతవల్ల. స్కాట్లండులో మెల్రోజ్ అనే చిన్న పట్టణపు క్లబ్బుకు నిధులు లేకపోయినవి. ఒకనాటి మధ్యాహ్నంలో పలు జట్లచేత ఆడించి టిక్కెట్లు అమ్ముదామంటే పదిహేనుమంది ఆట సాగదు. నెడ్ హేగ్ అనే మాంసపు అంగడి పనివాని సలహాతో జట్టుకు ఏడుగురిని నిర్ణయించి 1883 ఏప్రిల్ 28న పోటీ జరిపినారు. తొంబది యేండ్ల తరువాత, 1973లో ఎడింబరోలో దేశాల జట్ల మధ్య మొదటి పోటీ జరిగినది. 1976లో హాంకాంగులో పన్నెండు జట్లతో వార్షికోత్సవం ఆరంభమైనది. మరుసటి యేడే అక్కడ ఫిజీ గెలిచినది. పెద్ద దేశాలతో పదిహేనుమంది ఆటలో నిలువలేని చిన్న దేశానికి ఏడుగురి ఆట సరిగా కుదిరినది. మైదానం నిండా ఖాళీ చోటు ఉండగా, చేతివాటంతో బంతి మార్చుకొనే ఫిజీవారి ఒడుపునకు ఎదురులేకపోయినది. వైసలే సెరెవి నాయకత్వంలో ఫిజీ 1997లోను, 2005లోను హాంకాంగులో ప్రపంచ కప్పు గెలిచినది. ఫిజీ ప్రసార సంస్థ ఇంగ్లీషు, ఫిజీ, హిందుస్తానీ మూడు భాషలలో ప్రసారాలు చేసేది. కాబట్టి దూరదేశపు విజయవార్త చెరకు రైతు ఇంటికీ, గ్రామపెద్ద ఇంటికీ ఒకేనాడు చేరేది.

కాని రాజకీయాలు ఆటవలె సాగలేదు. 1970లో స్వాతంత్ర్యం వచ్చినది. 1987 మే 14న, అనగా లియోనిడాస్ ఓడ వచ్చి సరిగా నూట ఎనిమిది యేండ్లు నిండిన దినాన, భారతీయుల మద్దతు గల ప్రభుత్వాన్ని సైన్యం కూలద్రోసినది. 1986లో జనాభాలో నూటికి 48.7 వంతులుండిన భారతీయ సంతతివారు 2007 నాటికి 37.5 వంతులకు తగ్గినారు. తగ్గినవారిలో చాలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా, అమెరికా దేశాలకు వెళ్ళినారు. తాతలకు ఒక వలస, మనుమలకు మరొక వలస!

ఇక ఏడుగురి రగ్బీ చరిత్రలో 1999-2000 సంవత్సరపు ఋతువు ముఖ్యమైనది. విడివిడిగా జరిగే పోటీలను ఒక వరుసలో కూర్చి, ప్రతి పోటీకీ మార్కులిచ్చి, చివరకు మొత్తం కూడి విజేతను నిర్ణయించే ప్రపంచ పరంపర ఆ యేడే మొదలైనది. దుబాయిలో ఆరంభమై, దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికా, న్యూజిలాండు, ఆస్ట్రేలియా, హాంకాంగు, జపానుల మీదుగా పది పోటీలు జరిగినవి. అందులో ఒకటి ఫిజీ రాజధాని సువాలోనే జరిగినది. పోరు ముఖ్యంగా న్యూజిలాండుకూ ఫిజీకీ మధ్యనే. చివరి పోటీ మే నెలాఖరున పారిస్ నగరంలో జరిగినది. అంతకు కొద్దిదినాల ముందు, మే 19న, సువాలో సాయుధులు పార్లమెంటు భవనంలో చొరబడి, భారతీయ సంతతికి చెందిన మొదటి ప్రధాని మహేంద్ర చౌదరిని, ఆయన సహచరులను బందీలుగా పట్టుకొన్నారు. వారి నిర్బంధం యాభైయారు దినాలు సాగినది. ఒక వంక దేశపు జట్టు పారిస్ మైదానంలో పరుగెత్తుతున్నది, మరొక వంక ఆ దేశపు ప్రధాని తుపాకుల నీడన ఉన్నాడు. ఋతువు ముగిసేసరికి న్యూజిలాండు ప్రథమస్థానం, ఫిజీ ద్వితీయస్థానం పొందినవి. ఆ మే నెలలో ఫిజీలోని తెలుగు కుటుంబం ఏ జెండాను చూచి ‘మాది’ అనుకొని ఉండవలెను? ఈ ప్రశ్న ఆటకు సంబంధించినది కాదు. అయినా ఆటను తప్పించుకొని పోలేదు.

2006లో ఫిజీ న్యూజిలాండువారి వరుస విజయాలకు అడ్డుకట్ట వేసి మొదటిసారి ప్రపంచ పరంపర గెలిచినది. ఆ యేడే డిసెంబరులో మళ్ళీ సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. ఎన్నికలు జరుపనందున 2009లో కామన్వెల్తునుండి ఫిజీ సస్పెండయినది. దాని ఫలితం మనకూ తగిలినది. 2010 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన కామన్వెల్తు క్రీడలలో, విశ్వవిద్యాలయ మైదానాన ఏడుగురి రగ్బీ పోటీలు జరిగినవి. భారత జట్టు కూడ ఆడినది. న్యూజిలాండు స్వర్ణం గెలిచినది. కాని ఫిజీ జట్టుకు రావటానికి అనుమతి లేదు. గిరిమిట్ కూలీల పూర్వుల దేశం, ఆ కూలీల సంతతివారు నివసించే దేశపు ఆటను తన గడ్డపై చూడలేకపోయినది.

ఆ 2010లోనే మరొక మార్పు జరిగినది. అంతవరకు ‘ఫిజియన్’ అనే మాట స్థానిక జాతివారికే చెల్లేది. భారతీయ సంతతివారు అయిదు తరాలుగా అక్కడ పుట్టి పెరిగినా ‘ఇండియన్’లే. ఆ యేడు స్థానికులకు ‘ఇతౌకే’ అనే పేరు అధికారికమయినది. 2013 రాజ్యాంగం పౌరులందరూ ఫిజియన్లేనని ప్రకటించినది. అయితే చట్టంలో వ్రాసిన మాట మనసులలో నాటుకొనటానికి వేరే సందర్భం కావలెను.

2016 ఫిబ్రవరిలో ‘విన్‌స్టన్’ తుపాను ఆ దీవులను చిన్నాభిన్నం చేసినది. 44 మంది మరణించినారు. చెరకు చేలు, గ్రామాలు, బడులు జాతిభేదం లేకుండా నేలకొరిగినవి. ఆ యేడే ఒలింపిక్ క్రీడలలో ఏడుగురి రగ్బీకి మొదటిసారి చోటు దొరికినది. ఆగస్టు 11న రియో నగరంలో, ఓసియా కొలినిసౌ నాయకత్వాన, ఇంగ్లండు దేశీయుడు బెన్ రయన్ శిక్షణలో ఫిజీ జట్టు గ్రేట్ బ్రిటన్‌ను 43-7తో ఓడించినది. 1956 నుండి ఒలింపిక్సుకు వెళుతున్న ఫిజీకి అదే మొట్టమొదటి పతకం. అదియు స్వర్ణం! ఒకనాడు కూలీలను ఓడలకెక్కించిన సామ్రాజ్యపు జట్టును, ఆ కూలీలు దిగిన దీవి ఓడించినది. జట్టు తిరిగివచ్చినప్పుడు ప్రభుత్వం సెలవు ప్రకటించినది. 2017లో ఫిజీ రిజర్వు బ్యాంకు ఆ విజయానికి గుర్తుగా ఏడు డాలర్ల నోటు వెలువరించినది. ఏడు డాలర్ల నోటు లెక్కలకు వీలైనది కాదు, జ్ఞాపకానికే. అది ఇతౌకే చేతిలోనూ, తెలుగు దుకాణదారు చేతిలోనూ ఒకే విలువ గలది.

దీనినిబట్టి ఆట అన్నిటినీ చక్కజేసినదని చెప్పటం సత్యం కాదు. జాతీయ రగ్బీ జట్టులో భారతీయ సంతతివారు కనబడటం నేటికీ అరుదే. నేలలో నూటికి ఎనభైకి పైగా వంతులు ఇతౌకే వంశాల ఉమ్మడి సొత్తు. కౌలు గడువు తీరిన చెరకు రైతు దిగులును ఏ పతకమూ తీర్చలేదు. చప్పట్లు కొట్టే హక్కు వేరు, మైదానంలో దిగే అవకాశం వేరు. కాని ఒకే పరాజయానికి కలిసి దుఃఖించటం, ఒకే విజయానికి కలిసి సంతోషించటం కూడ ఇరుగుపొరుగు కావటంలో ఒక మెట్టు. ఆ మెట్టు ఎక్కటానికి ఫిజీకి నూరేండ్లకు పైగా పట్టినది.

ఇప్పుడు ఈ ఆట మన దరికీ వచ్చినది. 2025 జూన్‌లో ముంబయిలో ఏడుగురి రగ్బీ లీగు పోటీలు ఆరు జట్లతో జరిగినవి. వాటిలో ఒకటి హైదరాబాదు పేరు గలది. మన దేశీయులతోపాటు ఫిజీ క్రీడాకారులు కూడ ఆ పోటీలలో ఆడినారు. తెలుగువారు కూలికి వెళ్ళిన దీవి నుండి ఆటగాళ్ళు మన దేశానికి వచ్చి ఆడటం చరిత్రలోని చిన్న విశేషం. పటాన్‌చెరు ప్రాంతంలోను, మరి ఏ పారిశ్రామిక ప్రాంతంలోనైనను, పనికై వచ్చినవారి బిడ్డలూ, స్థానికుల బిడ్డలూ ఏ మైదానంలో ఏ బంతితో ఆడుతున్నారు, కలిసి ఆడుతున్నారా, విడివిడిగా ఆడుతున్నారా అన్నది పెద్దలు గమనించదగిన విషయం. ఫిజీలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోనందువల్లనే రెండు బంతులు రెండు తరాలను, మూడు తరాలను వేరుచేసినవి. ఆ పొరపాటు ఇక్కడ జరుగవలసిన అవసరం లేదు.