రిమోట్ మౌస్ నియంత్రణ

రిమోట్ మౌస్ నియంత్రణ అనగా ఒక కంప్యూటరు వద్ద కూర్చుని, నెట్‌వర్కు ద్వారా వేరొక కంప్యూటరు తెరపై ఉన్న మౌస్ సూచికను (కర్సరును) కదిలించే ప్రక్రియ.

పనిచేసే విధానం

ఇందుకు వాడే సాఫ్టువేర్లలో వీఎన్‌సీ ఒకటి. ఇది 1990వ దశకంలో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో రూపొందింది. ఇందులో మౌసు కదలికను తెలిపే ఒక్కొక్క సందేశం పరిమాణం 6 బైట్లు మాత్రమే: సందేశపు రకానికి 1, బొత్తాముల స్థితికి 1, అడ్డు, నిలువు స్థానాలకు రెండేసి. అవతలి కంప్యూటరు దీనిని తన సొంత మౌసు నుండి వచ్చినట్లే స్వీకరించి, తెరపై మారిన భాగపు చిత్రాన్ని తిరిగి పంపుతుంది. ఈ చిత్రం పరిమాణం ఎంతో ఎక్కువ.

పరిమితులు

తెలంగాణలోని భద్రాచలం పరిసర అటవీ గ్రామాల వంటి చోట్ల సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడు, ఆజ్ఞ చేరినప్పటికీ చిత్రం ఆలస్యంగా వస్తుంది. పని జరగలేదని భావించి మరల నొక్కితే, ఆ నొక్కు వేరొక బొత్తాముపై పడవచ్చు. చిత్రంలోని రంగుల సంఖ్యను తగ్గిస్తే ఈ ఆలస్యం కొంత తగ్గుతుంది.

భద్రత

సూచిక ఎవరి చేతిలో ఉంటే కంప్యూటరు వారి అధీనంలో ఉన్నట్లే. ఎనీడెస్క్ అనే సాఫ్టువేరును ఉపయోగించి జరిగే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. అపరిచితులు ఫోనులో అడిగే అనుసంధాన సంఖ్యను చెప్పరాదు. మోసం జరిగినచో వెంటనే ఇంటర్నెట్టును ఆపివేసి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.