కార్ల్‌టన్ టావర్న్

కార్ల్‌టన్ టావర్న్ లండన్ నగరపు వాయవ్య భాగాన, కిల్బర్న్ ప్రాంతంలోని కార్ల్‌టన్ వేల్ వీధిలో ఉన్న పబ్. 1920–21లో కట్టిన ఈ భవనాన్ని 2015 ఏప్రిల్‌లో దాని యజమాని అయిన సీఎల్‌టీఎక్స్ అనే స్థిరాస్తి కంపెనీ అనుమతి లేకుండా కూల్చివేసింది. ఆ జాగాలో ఫ్లాట్లు కట్టాలన్నది కంపెనీ ఉద్దేశం. పడగొట్టిన పబ్‌ను అంతకుముందు ఎలా ఉందో అచ్చం అలాగే తిరిగి కట్టాలని వెస్ట్‌మిన్‌స్టర్ నగర కౌన్సిల్ ఆదేశించింది. 2016లో అప్పీలు విచారణలోనూ ఆ ఆదేశం నిలిచింది. పునర్నిర్మించిన పబ్ 2021 ఏప్రిల్ 12న తెరుచుకుంది. చారిత్రక భవనాల అమ్మకం, కూల్చివేతల మీద బ్రిటన్‌లో జరిగే చర్చల్లో ఈ ఉదంతం తరచు ప్రస్తావనకు వస్తుంది.

నిర్మాణం, తొలి చరిత్ర

ఇదే స్థలంలో అంతకుముందున్న పబ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, జర్మన్ వైమానిక దాడిలో ధ్వంసమైంది. యుద్ధం ముగిశాక చారింగ్టన్ అనే బీరు తయారీ సంస్థ అక్కడ కొత్త పబ్ కట్టించింది. లండన్ తూర్పు భాగాన మైల్ ఎండ్‌లో పెద్ద బీరు తయారీ కేంద్రం ఉన్న ఈ సంస్థకు నగరమంతటా పబ్‌లుండేవి. కార్ల్‌టన్ నమూనా గీసినది వాస్తుశిల్పి ఫ్రాంక్ పాటర్ అని భావిస్తున్నారు.

భవనం పై భాగం ఎర్ర ఇటుకతోనూ, వీధివైపు కింది భాగం మెరుగుపూత పూసిన టైల్స్‌తోనూ ఉండేది. సంస్థ పేరును, లోపలి గదుల పేర్లను తెలిపే అక్షరాలు కూడా ఆ టైల్స్ మీదే ఉండేవి. లోపల బార్లతో పాటు భోజనానికి వేరే గది ఉండేది. యుద్ధానంతర కాలంలో పబ్‌లను తాగుడు కొట్లుగా మిగలనీయక, కుటుంబాలు వచ్చి తిని వెళ్లే చోట్లుగా మార్చాలని బీరు సంస్థలు ప్రయత్నించాయి. ఆ మార్పు తొలి దశకు ఈ గదుల అమరిక ఒక నమూనా.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు కురిసినప్పుడు ఆ వీధిలో మిగిలిన భవనం ఇదొక్కటేనని స్థానికులు చెబుతారు. తర్వాతి దశాబ్దాల్లో చుట్టూ ప్రభుత్వ నివాస సముదాయాలు లేచాయి. వాటి నడుమ కార్ల్‌టన్ పాత రూపంతోనే నిలిచింది. 1920ల నాటి లోపలి అమరిక, బయటి టైల్స్ పెద్దగా మార్పు లేకుండా మిగలడమే తర్వాత దీని విలువకు ఆధారమైంది.

పబ్‌ల అమ్మకాల వెనుక ఆర్థికం

బ్రిటన్‌లో పబ్ నడిపేవారు చాలాచోట్ల భవన యజమానులు కారు. పూర్వం బీరు సంస్థలే పబ్‌లను సొంతం చేసుకుని, తమ సరుకే అమ్మాలన్న షరతుతో అద్దెకిచ్చేవి. ఈ గుత్తాధిపత్యాన్ని తగ్గించడానికి ప్రభుత్వం 1989లో ఉత్తర్వులు తెచ్చి, ఒక్కో బీరు సంస్థ అలా షరతు పెట్టగల పబ్‌ల సంఖ్యకు కళ్లెం వేసింది. దాంతో వేల పబ్‌లు చేతులు మారి పంచ్ టావర్న్స్, ఎంటర్‌ప్రైజ్ ఇన్స్ వంటి కొత్త కంపెనీల పాలయ్యాయి. బీరు తయారు చేయని ఈ కంపెనీలు భారీగా అప్పులు తెచ్చి పబ్‌లు కొన్నాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ అప్పులు తీర్చడానికి భవనాలను అమ్మకానికి పెట్టాయి.

అదే సమయంలో లండన్‌లో నివాస స్థలాల ధరలు ఆకాశాన్నంటాయి. లాభాల్లో నడుస్తున్న పబ్ కన్నా అదే జాగాలో కట్టే ఫ్లాట్లకే ఎక్కువ విలువ పలికింది. గిరాకీ ఉన్నా పబ్‌లు మూతపడటానికి ఇదొక ముఖ్య కారణం. 2000లో బ్రిటన్‌లో సుమారు 60,800 పబ్‌లుండగా 2015 నాటికి అవి సుమారు 50,800కి తగ్గాయి.

ప్రణాళిక చట్టంలోని వెసులుబాటు కూడా కొనుగోలుదారులకు కలిసొచ్చింది. 2017 వరకు ఇంగ్లండ్‌లో చాలా పబ్‌లను పూర్తిస్థాయి అనుమతి లేకుండానే దుకాణంగా మార్చుకోవడానికి వీలుండేది.

దరఖాస్తు, తిరస్కరణ

కార్ల్‌టన్‌ను పడగొట్టి ఆ స్థలంలో 10 ఫ్లాట్లు కట్టడానికి అనుమతించాలని సీఎల్‌టీఎక్స్ దరఖాస్తు పెట్టింది. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ 2015 జనవరిలో దాన్ని తిరస్కరించింది. పబ్ భవిష్యత్తు గురించి అప్పటికే కలవరపడుతున్న స్థానికులు దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలని కోరారు. ఇంగ్లండ్‌లో ఈ జాబితాకు అర్హతను పరిశీలించి సిఫారసు చేసేది హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ. నిర్ణయం తీసుకునేది ప్రభుత్వ మంత్రి.

రెండో శ్రేణి రక్షణ ఇచ్చే దిశగా పరిశీలన సాగింది. అందులో భాగంగా భవనాన్ని లోపలా బయటా ఫొటోలు తీశారు, వివరాలు నమోదు చేశారు, టైల్స్‌కు ప్లాస్టర్ అచ్చులు తీశారు. పునర్నిర్మాణానికి తర్వాత ఆధారమైనవి ఇవే.

కూల్చివేత

2015 ఏప్రిల్ 6, ఈస్టర్ సోమవారం. సరుకు లెక్క చూడాలి, ఆ రోజు మూసి ఉంచమని పబ్ నిర్వాహకురాలికి కబురు వచ్చింది. రెండు రోజుల తర్వాత, 8వ తేదీన, యంత్రాలు భవనాన్ని నేలమట్టం చేశాయి. లోపలి సామాను కూడా శిథిలాల్లో కలిసిపోయింది. రక్షణ నిర్ణయం కొద్ది రోజుల్లో వెలువడాల్సిన తరుణంలో ఇది జరిగింది.

జాబితాలో చేరిన భవనాన్ని అనుమతి లేకుండా కూల్చడం బ్రిటన్‌లో నేరం. కార్ల్‌టన్ ఇంకా జాబితాకు ఎక్కలేదు కాబట్టి ఆ నేరం మోపే వీల్లేదు. ఇంగ్లండ్ విధానంలో ఉన్న లొసుగు కూడా ఇదే. ఒక భవనం పరిశీలనలో ఉందని యజమానికి తెలియజేస్తారు. నిర్ణయం వెలువడేదాకా మాత్రం దానికి దానంతటదే రక్షణ దొరకదు. స్థానిక కౌన్సిల్ తాత్కాలిక రక్షణ నోటీసు ఇవ్వవచ్చు. అయితే భవనం చివరికి జాబితాలో చేరకపోతే యజమానికి నష్టపరిహారం కట్టాల్సి వస్తుందన్న భయంతో కౌన్సిళ్లు ఆ అధికారాన్ని వాడటానికి జంకేవి.

పునర్నిర్మాణ ఆదేశం

నేరం మోపే దారి లేకపోవడంతో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ప్రణాళిక ఉల్లంఘనను సరిదిద్దే నోటీసు ఇచ్చింది. సాధారణంగా ఇలాంటి నోటీసులు అక్రమంగా కట్టినదాన్ని తొలగించమంటాయి. ఇక్కడ అక్రమంగా తొలగించినదాన్ని కట్టమంది. కూల్చివేతకు ముందు భవనం ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే 18 నెలల్లో మళ్లీ కట్టాలన్నది ఆదేశం. ఇలాంటి నోటీసును పాటించకపోవడం నేరమే. కాబట్టి కంపెనీకి జరిమానా కట్టి బయటపడే దారి లేకపోయింది.

కంపెనీ అప్పీలు చేసింది. 2016లో బహిరంగ విచారణ జరిపిన ప్రణాళిక ఇన్‌స్పెక్టర్ కౌన్సిల్ ఆదేశాన్ని సమర్థించి, గడువును రెండేళ్లకు పెంచారు. స్థానికుల పట్టుదలను కౌన్సిల్ న్యాయపరమైన చర్యగా మలిచింది. కౌన్సిల్ వాదనకు బలమిచ్చినవి కూల్చివేతకు ముందు తీసిన ఫొటోలు, అచ్చులు. ‘అలాగే కట్టడం అసాధ్యం’ అన్న వాదనకు అవి చోటివ్వలేదు.

పని గడువు దాటి సాగింది. భవనం సిద్ధమయ్యాక కొత్త నిర్వాహకులు దాన్ని అద్దెకు తీసుకున్నారు. కోవిడ్ ఆంక్షలు సడలి ఇంగ్లండ్‌లో పబ్‌లు ఆరుబయట సేవలందించడానికి అనుమతి దొరికిన రోజే, 2021 ఏప్రిల్ 12న, కార్ల్‌టన్ తెరుచుకుంది.

చట్టంలో మార్పులు

2011 నాటి స్థానిక పాలన చట్టం సమాజానికి విలువైన భవనాలను నమోదు చేసే అవకాశం ఇచ్చింది. అలా నమోదైన భవనాన్ని యజమాని అమ్మదలిస్తే స్థానిక సంఘం ఆరు వారాల్లోగా ఆసక్తి తెలపాలి. తెలిపితే డబ్బు కూడగట్టుకోవడానికి మొత్తం ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ సంఘానికే అమ్మాలన్న నిర్బంధం మాత్రం యజమానికి లేదు. లండన్ నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్ 2012లో ఇలా నమోదైన మొదటి పబ్. స్థానికులు దాన్ని 2013లో 8,10,000 పౌండ్లకు కొని, వందలాది వాటాదారులతో సహకార పద్ధతిలో నడపసాగారు.

2017 మే నుంచి ఇంగ్లండ్‌లో పబ్‌ను కూల్చాలన్నా, వేరే వాడకానికి మార్చాలన్నా పూర్తిస్థాయి ప్రణాళిక అనుమతి తప్పనిసరి అయింది. పరిశీలనలో ఉన్న కట్టడానికి మధ్యకాలపు రక్షణను వేల్స్ 2016 చట్టంతో కల్పించింది. తాత్కాలిక రక్షణ నోటీసుల విషయంలో నష్టపరిహారం నిబంధనను తొలగించేందుకు ఇంగ్లండ్‌లో 2023 చట్టం వీలు కల్పించింది.

పోల్చదగిన ఉదంతాలు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1850ల నాటి కార్క్‌మన్ పబ్‌ను 2016 అక్టోబరులో అనుమతి లేకుండా కూల్చారు. కారకులకు జరిమానాలు పడ్డాయి గానీ పాత పబ్ తిరిగి రాలేదు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో గనుల తవ్వకాల వల్ల ఒకవైపుకు ఒరిగి ప్రసిద్ధికెక్కిన క్రూకెడ్ హౌస్ 2023 జులైలో అమ్ముడైంది. ఆగస్టు 5న అగ్నికి ఆహుతై, రెండు రోజులకే నేలమట్టమైంది. స్థానిక కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో దాన్ని మూడేళ్లలో తిరిగి కట్టాలని నోటీసు ఇచ్చింది. ఆ చర్చ అంతటా కార్ల్‌టన్ పేరు వినిపించింది.

అంచనా

కట్టడాల సంరక్షణ రంగంలో నకలు నిర్మాణాల మీద అనుమానం పాతదే. విలియమ్ మోరిస్ 1877లో స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం మొదటినుంచీ పాత గోడను మరమ్మతు చేయాలి తప్ప కొత్తది కట్టి పాతదనిపించకూడదన్న వైఖరితో ఉంది. ఆ దృష్టితో చూస్తే నేటి కార్ల్‌టన్ 1921 నాటి భవనం కాదు, దాని ప్రతి.

అయినా ఈ ఆదేశం ప్రయోజనం భవనానికే పరిమితం కాదు. జరిమానా ఎంత పెద్దదైనా జాగా విలువ పెరుగుదల ముందు అది వ్యాపార ఖర్చుల్లో ఒకటిగా కలిసిపోతుంది. తిరిగి కట్టమన్న ఆదేశం మాత్రం కూల్చివేత వల్ల వచ్చే లాభాన్నే తుడిచేస్తుంది. దీన్ని అన్నిచోట్లా వాడటం తేలిక కాదు. కార్ల్‌టన్‌కు సవివరమైన నమోదు ముందే ఉంది, ఏళ్ల తరబడి విచారణ ఖర్చు భరించగల కౌన్సిల్ ఉంది. ఈ రెండూ లేని ఊళ్లలో ప్రమాదం వాసన తగలగానే భవనాన్ని కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకోవడమే స్థానికులు చేయగల మొదటి పని.