మెదడువాపు, మూర్ఛ, శస్త్రచికిత్స: ఒక పునఃపరిశీలన

మెదడువాపు మిగిల్చే మొండి మూర్ఛల చికిత్సను మూడు మెట్ల కథగా చెప్పడం అలవాటైంది: మొదట కత్తి, తర్వాత మందులు, ఇప్పుడు రోగనిరోధక చికిత్స. ఒకటి రాగానే ముందుది పాతబడిందన్న ఈ వరస సరికాదు.

మూర్ఛ శస్త్రచికిత్స తొలి ఘట్టాలు తెలిసినవే: 1886లో లండన్‌లో హార్స్‌లీ, ఆపైన మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్. అక్కడ శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వెల్లూరులో న్యూరోసర్జరీకి పునాది వేసి, 1952లో మూర్ఛకు శస్త్రచికిత్స చేశారు.

అసలు వివాదం ఆ తర్వాత వ్యాధి కారణం మీద. 1958లో రాస్ముసెన్ బృందం ముగ్గురు రోగుల మెదడు కణజాలంలో దీర్ఘకాలిక వాపును గుర్తించి, వైరస్‌ను అనుమానించింది. ఆ జబ్బే రాస్ముసెన్ వ్యాధి. వైరస్ అనుమానం రుజువు కాలేదు. 1994లో రోజర్స్ బృందం గ్లూఆర్3 ప్రొటీన్ ఎక్కించిన కుందేళ్లకు మూర్ఛలు రావడం చూసి, దోషం యాంటీబాడీలదంది. కానీ అవి చాలామంది రాస్ముసెన్ రోగుల్లో కనిపించలేదు, ఇతర మూర్ఛరోగుల్లో కనిపించాయి. 2002లో జర్మనీకి చెందిన బీన్ బృందం, రోగుల మెదడు కణజాలంలో నాడీకణాలను అంటిపెట్టుకుని చంపుతున్న టి కణాలను చూపింది. రోగనిరోధక సిద్ధాంతానికి గట్టి సాక్ష్యం ఆపరేషన్ బల్ల మీదనుంచే వచ్చింది.

అలాగని కత్తి అందరికీ కాదు. 2007లో డాల్మౌ బృందం వివరించిన, ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై యాంటీబాడీల వల్ల వచ్చే మెదడువాపులో మూర్ఛలు చాలావరకు రోగనిరోధక చికిత్సకే తగ్గుతాయి. గ్యాడ్65 యాంటీబాడీలున్నవారికి శస్త్రచికిత్స చేసినా తరచు నిరాశే. రాస్ముసెన్ వ్యాధిలో మాత్రం, జబ్బుపడిన అర్ధగోళాన్ని రెండోదాన్నుంచి విడదీయడమే మూర్ఛలను ఆపగల ప్రధాన మార్గం. దాని మూల్యం ఒకపక్క చేయి పనితనం, చూపులో సగం. పసితనంలోనైతే మాట రెండో వైపుకు మారే అవకాశం ఎక్కువ. కాబట్టి తొందరపడినా నష్టమే, ఆలస్యం చేసినా నష్టమే.

ఉత్తరాంధ్రలో సమస్య ఆలస్యమే. ఇక్కడ న్యూరోసర్జరీ కొత్తది కాదు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావు 1950లలోనే దాన్ని నెలకొల్పారు. తగిన రెండు మందులు సరిగా వాడినా ఆగని మూర్ఛను మొండి మూర్ఛగా లెక్కించాలని 2010 నాటి అంతర్జాతీయ నిర్వచనం. అయినా మూడో మందు, నాలుగో మందు మారుస్తూ ఏళ్లు గడిపాక శస్త్రచికిత్స కోసం ఆమదాలవలసలో సికింద్రాబాద్ రైలెక్కితే, బిడ్డ మెదడు అప్పటికే చాలా నష్టపోయి ఉంటుంది. ఉద్దానం కిడ్నీ రోగుల గోడు గట్టిగా వినిపించాక 2023లో పలాసకు కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. మూర్ఛరోగుల తరఫున అలాంటి గొంతు లేవలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో, రెండో మందు విఫలమవగానే వీడియో ఈఈజీ ఉన్న కేంద్రానికి పంపడం నియమం కావాలి. ఆపరేషన్ కావాలో వద్దో అక్కడే తేలాలి.