ఒంటిపేర్ల వెనుక ఇంటిపేర్లు: నరసాపురం సహోదర సమాజపు తొలి కుటుంబాలు

మన ప్రబంధకవులు అవతారికలలో కృతిభర్త వంశాన్ని మూడు నాలుగు తరాలు వెనుకకు పోయి వర్ణించినారు. శాసనాలలో దాతల వంశక్రమం రాతిమీద నిలిచినది. గ్రామకరణాలు దండకవిలెలు దాచినారు. కల్నల్ మెకంజీ సేకరణలో అట్టి సామగ్రి నుండి కైఫీయతులు రూపొందినవి. ఇదంతా ఎవరి చరిత్ర? భూమి గలవారిది, గుడి కట్టించినవారిది, కావ్యం అంకితం పుచ్చుకొన్నవారిది. పొలంలో నాటు వేసినవారి తాతల పేర్లు అందులో ఎంత వెదకినా అరుదు. అట్టి కుటుంబాలు కొన్ని పందొమ్మిదవ శతాబ్దంలో ఒక చిన్న క్రైస్తవ సమాజంగా కూడినప్పుడు వారి పేర్లు కాగితం మీదికి ఎక్కినవి. ఎక్కినవే గాని సగమే ఎక్కినవి. మిగిలిన సగాన్ని ఎక్కడ వెదకాలో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చెప్పబోయేది నరసాపురం, పాలకొల్లు ప్రాంతపు సహోదర సమాజం గురించి. బ్రదరన్ అసెంబ్లీలని వాడుకలో పిలిచేది వీరినే. నేను ఆ సమాజ సభ్యుడను కాను. గోదావరి డెల్టా గ్రామాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పినవాడను. ఆ కుటుంబాల పిల్లలు అనేకులు నా తరగతులలో కూర్చున్నారు. వారి పెద్దలతో నాకు కలిగిన పరిచయమే ఈ ఆసక్తికి మూలం.

ముందుగా సమాజం పుట్టుక చెప్పవలె. 1820ల చివర డబ్లిన్ నగరంలోను, తరువాత ప్లిమత్ పట్టణంలోను కొందరు క్రైస్తవులు బిషప్పులు, గురువులు అనే అంతస్తులు లేకుండ సమానులుగా కూడి రొట్టె విరచుట ఆరంభించినారు. వారిలో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఒకరు. ఆయన దంతవైద్యుడు; బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్‌కు బావమరది. 1829లో బాగ్దాదు వెళ్లి, 1831 నాటి మహామారిలో భార్యను పోగొట్టుకొని, 1833లో భారతదేశానికి వచ్చినారు. స్వదేశం వెళ్లి 1836లో తిరిగి వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చినవారిలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులున్నారు. డెవన్ సీమలోని బార్న్‌స్టేపుల్ ప్రాంతపు వారు. ఆ ఊరి సమాజానికి పెద్ద రాబర్ట్ చాప్‌మన్.

బౌడెన్, బీర్ కళాశాల పండితులు కారు. రాతిపని, చెప్పులపని వంటి చేతివృత్తుల నుండి వచ్చినవారు. వారికి నెలజీతం ఇచ్చే సంఘం లేదు. విశ్వాసులు పంపిన కానుకలతో జీవించినారు. మద్రాసులో దిగి, మచిలీపట్నం చేరి, అక్కడి నుండి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురానికి వచ్చినారు. పాలకొల్లు రెండవ కేంద్రమైనది. 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు, ఆ పనికి వచ్చిన కూలీల మధ్య వీరు బోధించిన సంగతి ఈ మిషను చరిత్రలో ప్రసిద్ధం. ఆనకట్ట మట్టిమోసినవారు, కాలువలు తవ్వినవారు, వారి బంధువులు: తొలి విశ్వాసులలో ఎక్కువమంది ఈ శ్రమజీవులే, అందునా మాలపల్లెల వారే.

ఇక అసలు చిక్కు. బౌడెన్, బీర్ కుటుంబాల చరిత్ర వ్రాయటం కష్టం కాదు. వారు స్వదేశానికి వ్రాసిన ఉత్తరాలున్నవి. 1872లో ఆరంభమైన మిషనరీ ఎకో అనే పత్రిక, 1885 నుండి ఎకోస్ ఆఫ్ సర్వీస్ అనే పేరుతో, ఇట్టి సేవకుల లేఖలను ప్రచురించినది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో సహోదర సమాజాల పత్రభాండారమే ఒకటి కలదు. కాని వారి ఎదుట కూర్చున్న తెలుగు కుటుంబం సంగతి వేరు. ఆ లేఖలలో తెలుగువాడు తరచు ఒంటిపేరుతోనే కనబడుతాడు: ఒక యోహాను, ఒక పేతురు. ఇంటిపేరు లేదు, ఊరిపేరు అరుదు. తెలుగుదేశంలో ఇంటిపేరు లేని పేరు చిరునామా లేని ఉత్తరం వంటిది. ఒకే పాలెంలో నలుగురు యోహానులుంటే వీరిలో ఎవరి మనుమడు ఎవరో చెప్పటం బ్రహ్మతరం కాదు.

ఈ లోపం మరి కొన్ని కారణాల వలన ముదిరినది. మొదటిది, సమాజపు సిద్ధాంతమే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో స్థాపించిన చర్చి మిషనరీ సొసైటీ శాఖ వంటివాటికి పై అధికారులున్నారు. ఏటేటా నివేదికలు, పట్టికలు పంపవలసియుండినది. సహోదర సమాజంలో ప్రతి సంఘం స్వతంత్రం. కేంద్ర కార్యాలయం లేదు, కనుక కేంద్ర దస్తరమూ లేదు. రెండవది, వీరు శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చి విశ్వసించినవారికే నీటిలో ముంచి ఇస్తారు. ఆంగ్లికన్ సంఘంలో పుట్టిన బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు బాప్తిస్మపు పుస్తకంలోకి వస్తవి. ఇక్కడ ఒక మనిషి ఇరువదవ యేట బాప్తిస్మం పొందితే, అంతకు ముందరి జీవితానికి సంఘంలో సాక్ష్యపత్రం ఉండదు. చిన్నతనంలోనే పోయిన బిడ్డలు ఏ జాబితాలోను ఉండరు.

మూడవ కారణం మన సమాజంలోనిది. అణగారిన కులాలకు లిఖిత వంశావళి లేకపోయినా వాగ్రూప వంశావళి ఉండేది. మాదిగలకు డక్కలివారు జాంబపురాణంతో పాటు గోత్రాలు, వంశాలు చెప్పేవారు. మాలలకు మాష్టీలు మొదలైన ఆశ్రిత కులాలవారుండేవారు. కుటుంబం క్రైస్తవం స్వీకరించి ఆ కథలు చెప్పించుట మానుకొన్నచోట వారికిచ్చే త్యాగం ఆగిపోయినది. త్యాగం ఆగితే కథకుడు ఆ వాకిలికి రాడు. కథకుడు రాకపోతే ముత్తాత పేరు రెండు తరాలలో మరుపున పడుతుంది. కొత్త మతం పేర్లు కాగితం మీదికి తెచ్చినది, పాత జ్ఞాపకపు తాడు తెగినది. రెండూ ఒకేసారి జరిగినవి.

మరి ఆ చరిత్ర ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? నా అనుభవంలో అయిదు చోట్ల.

ఒకటి, వివాహ ధ్రువపత్రం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి. ఆ పట్టికలో వధూవరుల పేరు, ఇంటిపేరు, వయస్సు, వృత్తి, నివాసం, తండ్రి పేరు ఉంటవి. ఒంటిపేరు మనిషి తన ఇంటిపేరుతో మొదట కనబడేది తరచు ఇక్కడనే. ఒక కుటుంబంవారు చూపిన పాత పత్రంలో వృత్తి అన్నచోట కూలి అని ఉన్నది. ఆ మాటను మనుమలు సిగ్గుతో వేలు అడ్డుపెట్టి చూపినారు. నాకైతే ఆ పత్రంలో అన్నిటికంటె విలువైన మాట అదే అనిపించినది.

రెండు, ఇంటి బైబిలు మొదటి తెల్లకాగితం. పుట్టుకలు, మరణాలు అక్కడ వ్రాసే అలవాటు పలు ఇళ్లలో ఉన్నది.

మూడు, సిఫారసు లేఖ. ఒక సంఘంలోని విశ్వాసి వేరొక ఊరికి పోతే అక్కడి సంఘానికి పరిచయలేఖ తీసికొనిపోవుట వీరి ఆచారం. ఏ కుటుంబం ఎప్పుడు ఏ ఊరు కదిలినదో ఈ లేఖలు చెప్పుతవి.

నాలుగు, సమాధి రాళ్లు. రాతిమీద జన్మదినం కంటె ప్రభువునందు నిద్రించిన దినం నమ్మదగినది.

అయిదు, బడి ప్రవేశ పట్టికలు. వీటిని నేను ఉద్యోగధర్మంగా ఎరుగుదును. వీనిలో తండ్రి పేరు, ఇంటిపేరు, కులం ఉంటవి. పుట్టినతేదీ మాత్రం జాగ్రత్తగా చూడవలె. పాత పట్టికలలో జూలై ఒకటిన పుట్టినవారు లెక్కకు మించి కనబడుతారు. తల్లికి తిథి తెలియదు, అయ్యవారు బడిలో చేర్చుకొనే వయస్సుకు సరిపోయే తేదీ వేసినారు. అంతే.

కాలనిర్ణయానికి మరొక సాయం వృద్ధుల మాటలు. ధాత కరువు నాటికి మా తాత నడుస్తున్నాడట అని ఎవరైన అంటే, ధాత సంవత్సరం 1876-77 అని గుర్తించవచ్చు. సంవత్సరనామాలు అరువది ఏండ్లకు తిరిగి వస్తవి. 1936-37 కూడ ధాతయే. కరువు అన్న మాట ప్రక్కన ఉన్నది కనుక ఇక్కడ మొదటిదే సరిపడుతుంది. నందన కరువంటే 1832-33. బందరు ఉప్పెన అంటే 1864 నవంబరు. ఆనకట్ట కట్టేనాడు అంటే 1847-52. ఊరి జిల్లా మారుటను కూడ మరువరాదు: గోదావరి జిల్లా 1859లో ఏర్పడినది, 1904లో నరసాపురం తాలూకా కృష్ణా జిల్లాలోకి పోయినది, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడగా అందులో చేరినది. ఒకే ఇంటి మూడు తరాల కాగితాల మీద మూడు జిల్లాల పేర్లుంటే అవి మూడు కుటుంబాలని భ్రమపడరాదు.

ఇన్ని చోట్ల వెదకినా దొరకని మనిషి ఒకరున్నారు. తల్లి. వివాహపత్రపు పాత నమూనాలో తండ్రి పేరుకే చోటు. తల్లి పేరుకు గడియే లేదు. ఆమె పుట్టింటి ఇంటిపేరు బిడ్డల వివాహపత్రంలో ఉండదు. అయితే నరసాపురం స్త్రీల చేతులలో ఒక చరిత్ర మిగిలినది. మిషనరీ కుటుంబాల స్త్రీల ద్వారా లేసు అల్లిక ఈ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు చేరి, వారి నుండి ఇతర కులాల స్త్రీలకు వ్యాపించినది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు స్త్రీలపై ప్రచురించిన గ్రంథం ప్రపంచప్రసిద్ధం. దినమంతా అల్లే స్త్రీని గృహిణిగా లెక్కించి, ఆమె పనిని తీరికవేళ పనిగా ఎంచి కూలి తగ్గించిన తీరును ఆమె ఎత్తిచూపినది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. కొక్కెం పట్టటం ఎవరు నేర్పినారని ఒక వృద్ధురాలిని అడిగితే, అమ్మ, అమ్మకు వాళ్లమ్మ, ఆమెకు మేనత్త అని నాలుగు పేర్లు తడుముకోకుండ చెప్పినది. భర్త తాత పేరు ఆమెకు గుర్తు లేదు. ఆమె వంశవృక్షం దారంతో అల్లినది. అడిగేవారు ప్రశ్న మార్చి అడిగితే చాలును.

ఈ శ్రమ అంతా ఎందుకు అని అడిగేవారున్నారు. రెండు కారణాలు చెప్పుతాను. మొదటిది, ఇంటిపేరు, కులం ఈనాటికీ ప్రభుత్వ కాగితాల మీద బ్రతుకును నిర్ణయిస్తున్నవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది గాని క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో సి వర్గం. వారికి రిజర్వేషను ఒక శాతం. అందుచేత కొన్ని ఇళ్లలో ఒకే మనిషికి బడిలో ఒక పేరు, సంఘంలో మరొక పేరు. అన్నదమ్ముల పిల్లలకే వేర్వేరు ధ్రువపత్రాలు. భయం వలన తాత బాప్తిస్మం తేదీని చెప్పనివారున్నారు. గౌరవం కోసం తాత కులాన్ని చెప్పనివారున్నారు. వారిని నిందించే అర్హత నాకు లేదు. కాని ఈ రెండు మౌనాల మధ్య ఆ తాత మాయమగుచున్నాడు.

రెండవది న్యాయం. మిషను చరిత్రలలో కర్త ఎప్పుడూ తెల్లదొర, తెలుగువాడు కర్మ. బౌడెన్ బోధించెను, ఫలానావాడు బోధింపబడెను. వ్యాకరణం నేర్పినవాడను కనుక నాకీ కర్మణి ప్రయోగం ములుకువలె తోచును. డెవన్ నుండి ఓడ ఎక్కి వచ్చుట సాహసమే, సందేహం లేదు. కాని తన పేటలోనే ఉంటూ, తన చుట్టాల మధ్యనే, ఊరి కామందు పొలంలోనే మరునాడు పనికి పోవలసిన కూలివాడు గోదావరి పాయలో దిగి బాప్తిస్మం తీసికొనుటకు ఎంత గుండె కావలె? దానికి ఫలితం అతడొక్కడే గాక అతని భార్య, పిల్లలు కూడ అనుభవించి ఉందురు. అది అతడు చేసిన పని, అతనికి జరిగిన పని కాదు. కుటుంబ చరిత్ర వ్రాస్తేనే ఆ వాక్యంలో కర్త మారుతాడు.

వ్రాసేవారికి ఒక హెచ్చరిక. మా వంశమే మొదటిది అనే పోటీ పెట్టుకోవద్దు. అంతస్తులు వద్దని కూడిన సమాజంలో తొలి కుటుంబమనే అంతస్తు పుట్టించుట ఆ పెద్దలకు అవమానం. కూలి పని దాచవద్దు, కులం దాచవద్దు, సంఘం విడిచిపోయినవారి పేరు కొట్టివేయవద్దు. విన్నది విన్నట్లు, చూచిన కాగితం చూచినట్లు వేరువేరుగా వ్రాయండి.

ఆ ఇళ్లలో ఎనుబది ఏండ్లు దాటినవారు ఇంకా కొందరున్నారు. వారిని అడుగవలసినవి నాలుగే: మీ అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు ఏమి? ఇంట్లో ముందుగా నీళ్లలో దిగినది ఎవరు? వారు అంతకుముందు ఏ పని చేసేవారు? తరువాత ఆ పని ఉన్నదా, పోయినదా? ఒక పూట చాలును. పలకరించి, కాగితం మీద పెట్టి, తేదీ వేయండి. చెప్పినవారి పేరు ఇంటిపేరుతో సహా వ్రాయండి.